గట్టు, దిబ్బ, పెంట: ఈ మాటలు ఎవరివి?

పరీక్షలో ఒక చిన్న ప్రశ్న వచ్చింది. ‘గట్టు’ అనే పదానికి అర్థం రాసి సొంత వాక్యంలో వాడమన్నారు. గద్వాల వైపు నుంచి వచ్చి మేం పనిచేసే బడిలో చదువుకుంటున్న ఒక పిల్ల ఇట్లా రాసింది: ‘గట్టు అంటే గుట్ట. మా మేకలు గట్టు మీద మేస్తయి.’ ఆ రెండు వాక్యాల మీదా ఎర్ర సిరా గీత పడింది. దిద్దిన సారు తప్పు మనిషి కాడు. ఆయన చేతిలో గైడు ఉంది. గైడులో గట్టు అంటే కాలువ ఒడ్డు, చేను ఒడ్డు అని ఉంది. కృష్ణా, గోదావరి కాలువల కింద పుట్టిన తెలుగుకు అది సరైన అర్థమే. కానీ జోగులాంబ గద్వాల జిల్లాలో మండలానికి మండలమే గట్టు పేరుతో ఉంది. ఆ నేల మీద పుట్టిన పిల్లకు గట్టు అంటే ఏమిటో తెలియదని సున్నా వేశాం.

2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరాస్యత యాభై శాతం కూడా దాటలేదు. రాష్ట్రంలో అన్నిటికన్నా కింద ఉన్న జిల్లా అది. అక్కడి నుంచి ఒక ఆడపిల్ల పుస్తకం పట్టుకుని బడి దాకా రావడమే పెద్ద సంగతి. వచ్చిన పిల్లకు మనం మొదట నేర్పిన పాఠం ఏమిటి? నీ ఇంట్లో మాట్లాడే మాట తప్పు అని. ఇంటికి పోయి ఆ పిల్ల తన అవ్వతో ఏమనాలి? ‘అవ్వా, నువ్వు ఇన్నేండ్లు ఎక్కిదిగింది గట్టు కాదు’ అనాలా?

మేం ఆదివాసీ ఉపాధ్యాయులం. నల్లమల పెంటల నుంచి వచ్చి, డిప్లొమా చేసి, సుద్దముక్క పట్టినవాళ్లం. ఈ వ్యాసంలో మాట్లాడేది కొన్ని చిన్న మాటల గురించే: గట్టు, గుట్ట, దిబ్బ, పుట్ట, పెంట. అన్నీ నేల మీద ఎత్తుగా నిలిచిన వాటి పేర్లే. ఎత్తుగా ఉన్నదాన్ని చిన్నచూపు చూసే భాష ఒకటి మన బడిలోకి, రికార్డులోకి, చివరికి మన నోట్లోకి కూడా వచ్చి కూచుంది. దానితోనే మా పోట్లాట.

ముందు ఆ మాటల సంగతి చూద్దాం

ఒక్క గట్టునే తీసుకోండి. డెల్టాలో గట్టు అంటే నీటి పక్కన పోసిన మట్టికట్ట. పాలమూరులో, రాయలసీమలో గట్టు అంటే రాతిగుట్ట. నల్లగొండ దగ్గర చెరువుగట్టుకు పోయే భక్తులు ఎక్కేది గుట్టే. డెల్టా రైతు చేను గట్టు అనేదాన్ని మన రైతు ఒడ్డు అంటాడు, చెరువు గట్టు అనేదాన్ని చెరువు కట్ట అంటాడు. పొలం సరిహద్దు మనకు గెట్టు. గెట్ల పంచాయితీ లేని ఊరు ఉందా? ఇక కష్టాల్లోంచి బయటపడితే ఎక్కడివాళ్లయినా ‘గట్టెక్కినం’ అంటారు. నీళ్ల పక్కన బతికేవాడు వరద నుంచి కట్ట మీదికి ఎక్కడం తలుచుకుంటాడు. మనం గుట్ట మీదికి ఎక్కడం తలుచుకుంటాం. ఇద్దరికీ ప్రాణం కాపాడింది ఎత్తే. అట్లాంటప్పుడు ఒక అర్థం గైడులో ఉండి, రెండోది తప్పు ఎట్లా అయింది?

మిగతా మాటలూ అంతే. మిట్ట అంటే ఎత్తు నేల, పొద్దు నడినెత్తికి వస్తే మిట్టమధ్యాహ్నం. మెట్ట అంటే కోస్తాలో నీటి వసతి లేని పైభూమి, గోండీలో మెట్ట అంటే కొండ. గడ్డ అంటే మనకు నేల, ఎత్తు నేల. శ్రీకాకుళం వైపు గెడ్డ అంటే వాగు. రాయలసీమలో దిన్నె, నెల్లూరు వైపు తిప్ప. చీమలు, చెదలు పెట్టింది పుట్ట. నూర్పిడికి ముందు పెట్టింది కుప్ప. ఒకే తెలుగులో ఇన్ని పేర్లు ఎందుకు పుట్టాయి? నేల ఒక తీరుగా లేదు కాబట్టి. నేల మీద నడిచినవాళ్లు ప్రతి ఎత్తుకూ వేరే పేరు పెట్టుకున్నారు. పేరు తెలిస్తే దారి తెలుస్తుంది. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, తేనె ఎక్కడ దొరుకుతుందో, రాత్రి ఎక్కడ పండుకోవచ్చో తెలుస్తుంది.

ఇప్పుడు ఈ మాటలు తిట్లలో ఎట్లా తిరుగుతున్నాయో చూడండి. ‘వాని బతుకు దిబ్బయింది.’ ‘రోగాల పుట్ట.’ ‘పని అంతా పెంట పెంట చేసిండు.’ ‘ఆస్తి దిబ్బలో కలిసింది.’ ఎత్తయిన మాటలన్నీ కింద పడ్డాయి. కొండ అనే మాటనూ వదల్లేదు. కొండరెడ్లు, కొండదొరలు, కొండ కమ్మర అని జాతుల పేర్లకు ముందు కొండ ఉంది. కింద ఉండేవాళ్లకు మైదాన రెడ్లు అని పేరు ఉందా? లేదు. ఎందుకంటే పేరు పెట్టేటప్పుడు నిలబడి చూసిన చోటు మైదానం. వాళ్లు ఉన్న చోటు మామూలు చోటు, మనం ఉన్న చోటు వింత చోటు.

పెంట

అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ తిన్న మాట పెంట. అది మా ఊరి పేరు కాబట్టి మాకే ఎక్కువ నొప్పి.

నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచుల నివాసాలను పెంటలు అంటారు. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట, ఈర్లపెంట, ఆగర్లపెంట. ఇవి మా తాతలు పలికిన పేర్లు, పటాల్లో ఉన్న పేర్లు. బడిలో ఏం జరుగుతుంది? కొత్తగా హాస్టల్లో చేరిన పిల్లాణ్ని ‘మీది ఏ ఊరురా?’ అని అడుగుతారు. వాడు ఫలానా పెంట అంటాడు. తరగతి అంతా ఘొల్లుమంటుంది. ముక్కు మూసుకునే పిల్లలూ ఉంటారు. ఇది మేం ఒక్కసారి చూసింది కాదు. మేం పిల్లలుగా ఉన్నప్పుడు మాకే జరిగింది. మాలో కొందరం రెండోసారి అడిగితే మండలం పేరు చెప్పడం నేర్చుకున్నాం. చదువు మాకు నేర్పిన మొదటి అబద్ధం అది.

నవ్వినవాళ్లకు పెంట అంటే ఏమిటో నిజంగా తెలుసా? మైదానపు రైతు ఇంటి ముందు పెంటకుప్ప ఉంటే అది సిగ్గు కాదు, సిరి. ఎండాకాలంలో బండ్ల మీద పెంట తోలుకుంటేనే వానాకాలంలో పంట. ఎవరింట్లో ఎన్ని బండ్ల పెంట ఉందో చూసి వాళ్ల పశువుల లెక్క, పొలం లెక్క చెప్పేవాళ్లు. ఇంకో సంగతి. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ బిడ్డ పుడితే ఆ పసికూనను పెంట మీద పడుకోబెట్టి తీసుకునేవాళ్లు. పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవాళ్లు. తెలంగాణలో ఆ పేర్లు లేని ఊరు దొరకదు. గుడి మీద కన్నా, వైద్యుని మీద కన్నా ఆ తల్లికి పెంట మీద నమ్మకం కుదిరింది. బిడ్డను బతికించమని పెంటను అడిగిన జాతి, ఆ పేరుతో ఊరు ఉన్నవాణ్ని చూసి నవ్వుతోంది. నవ్వే ముందు తమ ఇంట్లో పెంటమ్మ అనే జేజమ్మ ఉందేమో అడిగి చూసుకోవాలి.

దిబ్బ తవ్వితే ఏం బయటపడింది?

ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో మక్తల్ వైపు, కృష్ణానది ప్రాంతంలో ఉట్నూరు అనే ఊరు ఉంది. మన ఆదిలాబాద్ ఉట్నూరు కాదు. అక్కడ ఒక బూడిద దిబ్బ ఉంది. ఇట్లాంటి బూడిద దిబ్బలు కర్ణాటకలోని బళ్లారి, రాయచూరు వైపు, అనంతపురం వైపు చాలా ఉన్నాయి. అవి ఏమిటో చాలా కాలం ఎవరికీ అంతుపట్టలేదు. హంపి దగ్గర నింబాపురంలో ఉన్న దిబ్బను వాలిని దహనం చేసిన బూడిద అంటారు. అగ్నిపర్వతం బూడిద అన్నవాళ్లూ ఉన్నారు, లోహం కరిగించిన చోటు అన్నవాళ్లూ ఉన్నారు.

1957లో ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు ఉట్నూరు దిబ్బను తవ్వాడు. లోపల కంచె గుంజలు పాతిన గుంటలు వరసగా కనిపించాయి. పశువుల గిట్టల గుర్తులు అట్లాగే నిలిచి ఉన్నాయి. అది పశువుల దొడ్డి. ఏండ్ల తరబడి పోగైన పేడను కాల్చగా కాల్చగా మిగిలిన బూడిదే ఆ దిబ్బ. నాలుగు వేల ఏండ్ల కన్నా వెనకటిది. దక్కన్ నేల మీద పశువులను మలిపి, స్థిరంగా నిలిచిన తొలి మనుషుల గుర్తు అది. తేటగా చెప్పాలంటే అది పెంటకుప్ప. రాజుల కోటలు, గుడులు, శాసనాలు ఇంకా పుట్టకముందు ఈ నేల చరిత్ర పెంటకుప్పలో రాసి ఉంది.

ఆ పశువుల కాపరులు చెంచుల పూర్వీకులే అని మేం అనడం లేదు. వాళ్లది పశువుల బతుకు, మా తాతలది వేట, తేనె, గడ్డల బతుకు. లేని చుట్టరికం కలుపుకోవడం మాకు అవసరం లేదు. మేం అంటున్నది ఒక్కటే. చెత్త అని పేరుపడిన చోట మనుషుల చరిత్ర ఉంటుంది. పేరు చూసి విలువ కట్టేవాడు దాన్ని పోగొట్టుకుంటాడు.

ఇట్లా పోగొట్టుకోవడం మన దేశంలో జరిగింది కూడా. అమరావతి మహాస్తూపాన్ని ఊరివాళ్లు దీపాలదిన్నె అనేవాళ్లు. 18వ శతాబ్దం చివర వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి కాలంలో కొత్త కట్టడాలకు రాళ్ల కోసం ఆ దిన్నెను తవ్వారు. సున్నపురాతి పలకలు కొన్ని గోడల్లోకి పోయాయి, కొన్ని సున్నంగా కాలాయి. కొలిన్ మెకంజీ వచ్చి చూసి, 1816లో మళ్లీ వచ్చి బొమ్మలు గీయించుకున్నాడు. మిగిలిన శిల్పాల్లో చాలావాటిని చూడాలంటే ఇవాళ మనం చెన్నైకో లండన్‌కో పోవాలి. భట్టిప్రోలు స్తూపానికి ఊళ్లో స్థిరపడిన పేరు ఇంకా ఘోరం. ఆడమనిషిని తిట్టే మాటకు దిబ్బ తగిలించి పిలిచారు. 1892లో అలెగ్జాండర్ రీ తవ్వితే అందులో ధాతువులు ఉంచిన కరండాలు, బ్రాహ్మీ అక్షరాలు బయటపడ్డాయి. తిట్టుతో పిలిచిన దిబ్బలో మన లిపి తాత పడుకుని ఉన్నాడు.

అమెరికా కథ మనకు ఇంకా దగ్గరిది. అక్కడ మిసిసిపి నది పక్కన కహోకియా అనే చోట వంద అడుగుల ఎత్తున మట్టి దిబ్బ ఉంది. చుట్టూ ఇంకా చాలా దిబ్బలు. వాటిని చూసిన తెల్లవాళ్లు ఇంత పెద్ద పని ఇండియన్లు చేయలేరు అనుకున్నారు. వేరే ఏదో జాతి వచ్చి కట్టి మాయమైందని పుస్తకాలు రాశారు. ఆ కథ ఊరికే పుట్టలేదు. దిబ్బలు కట్టింది వేరే జాతి అయితే, ఇండియన్లు కూడా మధ్యలో వచ్చినవాళ్లే అవుతారు. మధ్యలో వచ్చినవాళ్లను లేపి వేరే చోటికి పంపితే పాపం లేదు. 1830లో ఇండియన్లను తూర్పు నుంచి పడమటికి తరిమే చట్టం చేసిన కాలంలో ఆ కథ బాగా పనికొచ్చింది. సెయింట్ లూయిస్ నగరంలో ఉన్న పెద్ద దిబ్బను 1869 నాటికి తవ్వి మట్టి ఎత్తుకుపోయారు. 1894లో సైరస్ థామస్ ఆధారాలతో తేల్చాడు, ఆ దిబ్బలు కట్టింది ఇండియన్ల తాతలే అని. అప్పటికి భూమి చేతులు మారిపోయింది. తప్పుడు మాట ముందు నడిచింది, సర్వే గొలుసు వెనక నడిచింది, నిజం అన్నిటికన్నా చివర వచ్చింది.

రికార్డులో ‘ఖరాబ్’

ఇక మన రెవెన్యూ కాగితాలకు వద్దాం. పహాణీలో పోట్ ఖరాబ్ అనే మాట ఉంటుంది. సాగుకు పనికిరాని నేల అని అర్థం. గుట్ట, బండ, దిబ్బ చాలా వరకు ఈ లెక్కలోకే పోతాయి. శిస్తు రాని నేల ఖరాబ్ అని నిజాం కాలపు అధికారి రాసుకున్నాడంటే అర్థం ఉంది. ఆయన లెక్క శిస్తు లెక్క. కానీ మేక మేసేది ఖరాబ్ మీదే. సీతాఫలం కాసేది ఖరాబ్ మీదే. వాన నీళ్లు పారి చెరువుకు చేరేది ఖరాబ్ మీది నుంచే. పెద్దల సమాధులు ఉండేదీ అక్కడే. కాగితం మీద ఖరాబ్ అయిన గుట్టను రేపు క్వారీకి ఇస్తే ఊళ్లో అడగడానికి మాట ఉండదు. ‘పనికిరాని జాగనే కదా’ అంటారు. పనికిరానిదని రాసింది ఎవరు, ఎవరి పనికి అని అడగడం మనం పిల్లలకు నేర్పలేదు.

నల్లమలలో ఇదే జరగబోయింది. 2019లో అమ్రాబాద్ అడవిలో 83 చదరపు కిలోమీటర్ల మేర యురేనియం కోసం అన్వేషణకు కేంద్రంలోని అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా సరే అంది. అప్పుడు చెంచులు, రైతులు, విద్యార్థులు, పట్నంలోని చదువుకున్నవాళ్లు కలిసి అడ్డం నిలిచారు. ఆ సెప్టెంబరులో శాసనసభ వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఆ గెలుపును మనం మరిచిపోవద్దు. ఎట్లా గెలిచామో కూడా మరిచిపోవద్దు. ఊళ్లలో మనవాళ్లు మాట్లాడింది ఖనిజం గురించి కాదు. గట్టు పేరు, సెల పేరు, లింగమయ్య పేరు చెప్పి మాట్లాడారు. పేరున్న నేలను ఖాళీ నేల అనడం కష్టం.

ఇప్పుడు రెండో సంగతి ముందుంది. పులుల అభయారణ్యం నడిమధ్య ఉన్న పెంటలను, ఊళ్లను బయటికి తరలించే మాట. కుటుంబానికి 15 లక్షల ప్యాకేజీ. పోవాలా వద్దా అనేది ఆయా పెంటల వాళ్లు తేల్చుకోవాలి. రోడ్డు, ఆసుపత్రి కావాలనుకునే తల్లిని మేం తప్పు పట్టం. జ్వరం వచ్చిన బిడ్డను ఎత్తుకుని అడవి దారిన నడిచిన వాళ్లకే ఆ బాధ తెలుసు. కానీ చట్టం ఒకటి చెప్పింది. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం ముందు హక్కులు తేల్చాలి, తర్వాత గ్రామసభ తెలిసి, స్వేచ్ఛగా ఒప్పుకోవాలి. చెంచుల వంటి ఆదిమ తెగలకు ఆవాస ప్రాంతం మీద సామూహిక హక్కు కూడా అదే చట్టంలో ఉంది.

ఆ హక్కుకు ఆధారం ఏమిటి? యువకులు ఇక్కడ జాగ్రత్తగా చదవాలి. ఆ చట్టం కింద చేసిన నియమాల్లో ఆధారాల జాబితా ఉంది. పాత బావులు, శ్మశానాలు, పవిత్ర స్థలాలు ఆధారమే. పెద్దమనుషులు చెప్పింది రాసుకున్న వాంగ్మూలం కూడా ఆధారమే. అంటే మీ తాత ‘ఆ దిబ్బ కింద మా నాయిన ఉన్నడు’ అంటే అది ముసలి ముచ్చట కాదు, సాక్ష్యం. మీ అవ్వ వేలు చూపి చెప్పే గట్టు పేరు సాక్ష్యం. ఆ పేరు మీకు తెలియకపోతే, తెలిసినా చెప్పడానికి సిగ్గుపడితే, సాక్ష్యాన్ని మీ చేతులతో మీరే చింపేసినట్టు.

మనవాళ్లతోనే నాలుగు మాటలు

బయటివాళ్లను అనడం తేలిక. మన తమ్ముళ్లు కొందరు అంటున్న మాట ఉంది. ‘పెంట అనే పేరు మార్చి ఏదో ఒక నగర్ అని పెట్టుకుంటే పోలే? ఎన్నాళ్లు నవ్వించుకుంటం?’ వాళ్ల బాధ మాకు తెలుసు. ఆ నవ్వు మేమూ పడ్డాం. అయినా మేం ఒప్పుకోం. పేరు మార్చితే నవ్వు ఆగదు. నవ్వేవాడు పేరును చూసి నవ్వడం లేదు, మనిషిని చూసి నవ్వుతున్నాడు. నగర్ అని పెట్టుకుంటే ‘గుడిసెలకు నగరమట’ అని నవ్వుతాడు. నష్టం మాత్రం మనకే. అడవిలో వంద ఏండ్ల కింద ఎవరైనా రాసిన కాగితంలో, పటంలో పెంట పేరు ఉంటుంది. కొత్త పేరు ఉండదు. రేపు కచేరీలో ‘ఈ పేరుతో ఊరే లేదు’ అంటే ఏం చూపిస్తారు?

తోటి ఉపాధ్యాయులు ఇంకో మాట అంటారు. ‘పిల్లలు పోటీ పరీక్షలు రాయాలి కదా, ప్రామాణిక భాష రాకపోతే ఎట్లా?’ రావాలి. మేం కూడా ఆ భాషలోనే పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నాం, ఈ వ్యాసమూ అందులోనే రాస్తున్నాం. ప్రామాణిక భాష నేర్పవద్దని ఎవరూ అనడం లేదు. దాన్ని నేర్పడానికి ఇంటి మాటను కొట్టేయాల్సిన పని లేదు అంటున్నాం. గట్టుకు గుట్ట అని ఒక అర్థం, కాలువ ఒడ్డు అని ఇంకో అర్థం అని చెప్పండి. పిల్లకు ఒకటి బదులు రెండు వస్తాయి. అది నష్టమా? రెండు అర్థాలు తెలిసిన పిల్ల ముందు, ఒక్క అర్థమే తెలిసిన గైడే వెనకబడింది.

ఇంకో చిక్కు ఉంది, అది చెంచులది ప్రత్యేకంగా. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక తరగతుల వాచకాలు మొదలుపెట్టారు. గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా. మంచి పని. చెంచుల మాట అందులో లేదు. మాది తెలుగే కదా అనే లెక్క. మాది తెలుగే. కానీ బడికి పోతే మా తెలుగు తెలుగు కాదంటారు. వేరే భాష అని వాచకం ఇవ్వరు, మన భాష అని మార్కులూ ఇవ్వరు. రెండు తలుపులూ మూసి బయట నిలబెట్టారు. రాజ్యాంగం 350ఎ అధికరణం ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన గురించి చెప్పింది. 2009 విద్యాహక్కు చట్టమూ చెప్పింది. మాతృభాష అంటే పేరు మాత్రమేనా, లేక తల్లి నోట్లోని మాటలా?

షెడ్యూల్డు ప్రాంతాల బడుల్లో స్థానిక ఆదివాసీలనే ఉపాధ్యాయులుగా పెట్టాలని 2000లో జీవో 3 వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఉద్యోగాలు పోయాయని మనం బాధపడ్డాం, పోట్లాడుతున్నాం. పోట్లాడాలి కూడా. కానీ ఒక్క మాట మనల్ని మనం అడుక్కోవాలి. ఆ ఉద్యోగంలో కూచున్న రోజుల్లో మనం ఏం చేశాం? పెంట పేరు చెప్పిన పిల్లాణ్ని చూసి తరగతి నవ్వితే ఆపామా? రిజిస్టరులో పెంట పేరు ఉన్నది ఉన్నట్టు రాశామా? మనలో కొందరం కూడా గైడు చూసి సున్నా వేశాం. ఆదివాసీ టీచరు ఎందుకు కావాలని ఎవరైనా అడిగితే జీతం కోసం కాదు, పిల్ల మాట అర్థం కావడం కోసం అని చెప్పే మొహం మనకు ఉండాలి.

ఏం చేద్దాం?

పెద్ద పథకం అక్కరలేదు, నిధులు అక్కరలేదు. రేపటి నుంచి చేయగలిగిన పనులే చెబుతున్నాం.

సార్లు, టీచరమ్మలు హాజరు రిజిస్టరులో, టీసీలో, ఆధార్ దరఖాస్తులో పిల్లల ఊరి పేరు వాళ్లు పలికినట్టే రాయండి. సొగసు కోసం మార్చవద్దు. సమాధాన పత్రం దిద్దేటప్పుడు పిల్ల రాసిన అర్థం మీ పుస్తకంలో లేకపోతే, సున్నా వేసే ముందు ఒక్కసారి పిలిచి అడగండి. ‘మీ ఊళ్లో దీన్ని ఏమంటరు?’ అని అడిగిన రోజున ఆ పిల్ల మీ తరగతిలో మొదటిసారి నోరు తెరుస్తుంది. ఇది మేం చేసి చూసి చెబుతున్నాం.

నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. తమ ఊరి చుట్టూ ఉన్న ప్రతి గట్టు, గుట్ట, దిబ్బ, పుట్ట, బైలు, సెల పేరు అవ్వతాతలను అడిగి రాసుకు రమ్మనండి. ఆ పేరు ఎందుకు వచ్చింది, అక్కడ ఏం దొరుకుతుంది, ఎవరు ఉన్నారు అని కూడా. తప్పులుంటే ఉండనీయండి. అది వాళ్ల తెలుగు వాచకం, వాళ్ల భూగోళం, వాళ్ల చరిత్ర, మూడూ.

ఇంటర్, డిగ్రీ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఆ నోటుబుక్కులను గ్రామసభకు పట్టుకుపోండి. హక్కుల పటం గీసేటప్పుడు మీ పేర్లతో గీయించండి. సర్వే నంబరు ఎట్లాగూ వాళ్లు వేసుకుంటారు. పక్కన మీ పేరు ఉండాలి. ఫోన్ మీ చేతిలో ఉంది. తాత మాట్లాడుతుంటే రికార్డు చేయండి, తారీకు చెప్పించండి, ఊరి పేరు చెప్పించండి. తాత పోయాక ఏడ్చి లాభం లేదు.

ఇక ఎవరైనా మీది ఏ ఊరని అడిగితే తల దించకండి. మాది పెంట అని చెప్పండి. నవ్వితే, పెంటలో పడుకుని బతికిన మీ తాత పేరు ఏమిటి అని అడగండి. ఉట్నూరు దిబ్బ సంగతి చెప్పండి. కోపంగా వద్దు, పాఠం చెప్పినట్టు చెప్పండి.

ఆ గద్వాల పిల్ల పేపరు సంగతి మిగిలింది. మేం పోయి మాట్లాడాం. ఆ సారు పేపరు మళ్లీ చూశాడు. ఎర్ర గీత పక్కన సరి గుర్తు పెట్టి మార్కు కలిపాడు. ‘గట్టు మీద మేకలు మేస్తయా, నాకు తెల్వదు’ అన్నాడు. ‘మా ఊరికి వస్తే చూపిస్త సార్’ అంది ఆ పిల్ల. ఆయన పోయాడో లేదో మాకు తెలియదు. మిగతా సార్లకు కూడా ఆ పిలుపు వర్తిస్తుంది.